ఇంజను చప్పుళ్లు: చెవితో చేసే పరీక్ష

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన జంషెడ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా ముందుగా ఉక్కు కర్మాగారం స్ఫురిస్తుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడిన తరువాత సాక్చి అనే పల్లెను ఆనుకొని ఈ నగరం పెరిగింది. 1919లో వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ దీనికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టినప్పుడు, కాలీమాటి అనే రైలు స్టేషను టాటానగర్ అయింది. ఆ స్టేషనులో దిగినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుంచి పని వెదుక్కుంటూ వెళ్లిన తెలుగువారు కూడా ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న గుర్తు. పంజాబు, బెంగాలు, ఒడిశా, బీహారు, గుజరాతు ప్రాంతాలవారితో కలిసి, ఆ నేల మీద తరతరాలుగా ఉన్న సంథాలు, హో ప్రజల పక్కన వారు పనిచేశారు. యంత్రం పక్కన నిలబడి పనిచేసే మనిషికి అన్నిటికంటె ముందు అలవడవలసిన విద్య వినడం. యంత్రం బాగా నడుస్తున్నదా లేదా అనే సంగతి కంటికి కనపడక ముందే చెవికి తెలుస్తుంది.

ఆ విద్యకు ఈ నగరంలో ఒక విచిత్రమైన చిక్కు ఉన్నది. జంషెడ్‌పూర్‌లో మోటారు వాహనమంటే ప్రధానంగా లారీ. 1945లో టెల్కో సంస్థ ఏర్పడి మొదట రైలు ఇంజన్లు తయారు చేసింది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని డీజెలు లారీల నిర్మాణానికి పూనుకొన్నది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా లారీల తయారీ ఆగలేదు. అందువల్ల ఇక్కడి వర్కుషాపులలో చేయి తిరిగిన మెకానిక్కులలో చాలామంది చెవి డీజెలుకు అలవాటు పడిన చెవి. డీజెలు ఇంజనులో గాలిని ఎంతో గట్టిగా అదిమి, ఆ వేడిలోకి నూనెను చిమ్ముతారు. చిమ్మిన నూనె తక్షణం అంటుకొనదు. క్షణంలో అతి స్వల్పభాగం ఆలస్యమై, అంతవరకు పోగుపడినది ఒక్కసారిగా మండుతుంది. డీజెలు బండి చేసే కటకట శబ్దానికి కారణం అదే. చల్లని ఉదయం ఆ కటకట వినిపిస్తే డ్రైవరు కలవరపడడు. పెట్రోలు ఇంజనులో అదే కటకట వినిపిస్తే అది రోగలక్షణం. ఒకదానిలో ఆరోగ్యమైన శబ్దం మరొకదానిలో అనారోగ్యం కావడమే ఈ పాఠంలో మొదటి మెట్టు.

పెట్రోలు ఇంజనుకు ఈ ఊరు పూర్తిగా కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కెనడా నుంచి వచ్చిన ఫోర్డు ఛాసిస్‌ల మీద స్వదేశీ కవచఫలకాలను అమర్చి తయారు చేసిన యుద్ధవాహనాలకు సైనికుల నోట ‘టాటానగర్’ అనే పేరు నిలిచిపోయింది. స్వాతంత్ర్యానంతరం అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు దేశమంతటా తిరిగినట్లే ఈ నగర వీధులలోను తిరిగాయి. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తక్కిన రెండూ అంతకు ముందే ఆగాయి. అప్పటి కార్లను పదిలంగా కాపాడుకొంటున్న వారు జంషెడ్‌పూర్‌లో ఉన్నారు. పాత కార్ల ఊరేగింపులు ఇక్కడ జరిగాయి. అయితే ఇంజను బ్లాకు పగిలితే కొత్తది కొనుక్కొనే కాలం గడిచిపోయింది. కనుక చప్పుడును సరిగా గుర్తించడం నేడు వేడుక కాదు. ఆ కారు బ్రతుకు దానిమీదనే ఆధారపడి ఉన్నది.

చప్పుడు ఎప్పుడు వస్తున్నది?

వైద్యుడు రోగిని తాకక ముందు ప్రశ్నలు అడుగుతాడు. కారు విషయంలోను అదే పద్ధతి. చప్పుడు ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతనా? నిలిచి ఉన్నప్పుడా, ఎత్తు ఎక్కుతున్నప్పుడా, యాక్సిలరేటరు వదలినప్పుడా? ఈ ప్రశ్నలకు యజమాని చెప్పే సమాధానాలతోనే సగం వ్యాధి బయటపడుతుంది. కారు తెచ్చినవాడు “టాపెట్లు కొడుతున్నాయి” అని తానే రోగనిర్ణయం చేసి చెబితే, అనుభవజ్ఞుడైన మెకానిక్కు దానిని విని పక్కన పెడతాడు.

ఆ తరువాత చవకైన పరీక్షతో మొదలుపెట్టాలి. ఫ్యాను బెల్టును తీసివేసి ఇంజనును ఒక నిమిషానికి లోపుగా నడిపి చూస్తే చాలు. చప్పుడు మాయమైతే అది ఇంజను లోపలిది కాదు. నీటి పంపు బేరింగుదో, డైనమోదో అయి ఉంటుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఇంజను విప్పి, తిరిగి బిగించి, అదే చప్పుడుతో కారును ఇంటికి పంపిన సందర్భాలు ఏ ఊరి వర్కుషాపును అడిగినా దొరుకుతాయి.

శబ్దం ఎక్కడ నుంచి వస్తున్నదో తెలుసుకొనడానికి పొడవైన స్క్రూడ్రైవరు మంచి సాధనం. దాని మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనిస్తే, లోపలి చప్పుడు లోహం గుండా నేరుగా అందుతుంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. మెకానిక్కు స్క్రూడ్రైవరు దానికి దగ్గరి చుట్టమే. ఒక్క జాగ్రత్త మరువరాదు. తిరిగే ఫ్యాను దగ్గర తల వంచేటప్పుడు కండువా, చీర కొంగు, జారిన జుట్టు ఇంజను మీద వేలాడకూడదు.

లయను పట్టుకొనడం

నాలుగు ఘాతాల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. కారు నిలిచి ఉండి ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నదనుకొంటే, క్రాంక్‌షాఫ్టు క్షణానికి 10 సార్లు, క్యామ్‌షాఫ్టు 5 సార్లు తిరుగుతాయి. వాల్వులను కదిపేది క్యామ్‌షాఫ్టు. అందువల్ల ఒక వదులైన టాపెట్ క్షణానికి ఐదుసార్లు, తేలికగా, పై భాగంలో టకటకమంటుంది. ఇగ్నిషన్ టైమింగు చూసే దీపాన్ని ఒకటవ సిలిండరు ప్లగ్గు తీగకు తగిలిస్తే అది కూడ రెండు చుట్లకు ఒకసారే వెలుగుతుంది. దీపం మినుకుకు, చప్పుడుకు జత కుదిరిందంటే చప్పుడు సగం వేగంలో వస్తున్నదని తెలిసినట్లే.

ఐతే లయ ఒక్కటే తీర్పు చెప్పలేదు. క్రాంక్‌షాఫ్టుకు సంబంధించిన చప్పుళ్లు సాధారణంగా ప్రతి చుట్టుకు వస్తాయి కాని, సిలిండరులో మిశ్రమం మండే ఘాతంలోనే బలంగా వినిపిస్తాయి. ఆ ఘాతం కూడ రెండు చుట్లకు ఒకసారే వస్తుంది. అందుచేత మరొక సాక్ష్యం కావాలి.

అంబాసిడర్‌లోని 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజనులో టాపెట్ సందు అంగుళంలో 15 వేయవ వంతులు, అనగా దాదాపు 0.38 మిల్లీమీటరు. పై మూత తీసి, ఇంజను మెల్లగా నడుస్తుండగా ఫీలర్ గేజి రేకును ఒక్కొక్క సందులోకి జొనిపితే, ఏ సందులో రేకు దూరినప్పుడు టకటక ఆగుతుందో దోషం అక్కడ ఉన్నది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. కాని టాపెట్ల విషయంలో చప్పుడు కంటె మౌనం ఎక్కువ ప్రమాదకరమన్న సంగతి చాలామంది గమనించరు. పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే పీటలు పోతయినుములోనే మలచినవి. పూర్వం పెట్రోలులో కలిపిన సీసం వాటిమీద పలుచని పొరగా నిలిచి అరుగుదలను ఆపేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే లభించసాగింది. ప్రజారోగ్యం దృష్ట్యా అది ఎంతో అవసరమైన మార్పు. అయినా పాత ఇంజనులో ఆ పీట మెల్లగా అరిగి, వాల్వు లోపలికి దిగుతుంది. వాల్వు దిగినకొద్దీ టాపెట్ సందు మూసుకొనిపోతుంది, టకటక తగ్గుతుంది. యజమాని “ఇంజను ఈమధ్య నెమ్మదించింది” అని సంతోషిస్తాడు. సందు పూర్తిగా పోయిన నాడు వాల్వు సరిగా మూసుకొనక, మంట దాని అంచును కొరికి వేస్తుంది. దూర ప్రయాణాలు చేసే పాత కారులో సందును తరచు కొలవడం, గట్టి పీటలు వేయించడం తప్ప దీనికి మార్గం లేదు.

భారమైన చప్పుడు

టాపెట్ చప్పుడును, క్రాంకు బేరింగు చప్పుడును ఒకటిగా భావించడమే పాత కార్లకు జరిగే పెద్ద అపచారం. కనెక్టింగ్ రాడ్డు కింది కొన, మెకానిక్కులు ‘బిగ్ ఎండ్’ అని పిలిచే భాగం, క్రాంకును పట్టుకొని ఉండే చోట మెత్తని లోహపు పూతగల బేరింగు ఉంటుంది. తగరం ప్రధానంగా గల అటువంటి లోహాన్ని 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ రూపొందించాడు. ఉక్కు షాఫ్టు చెడిపోకుండా తానే అరిగిపోవడం ఆ మెత్తని లోహపు ధర్మం. అది అరిగి సందు పెరిగితే ‘దబ్ దబ్’ మని బరువైన దెబ్బ వినిపిస్తుంది. ఇంజను వేడెక్కి నూనె పలుచబడినప్పుడు, యాక్సిలరేటరు కొద్దిగా వదలినప్పుడు అది స్పష్టమవుతుంది. నూనె ఒత్తిడి చూపే ముల్లు కూడ కిందికి దిగుతుంది.

ఇక్కడ ఉపయోగపడే సాక్ష్యం ప్లగ్గుల నుంచి దొరుకుతుంది. ఇంజను మెల్లగా నడుస్తుండగా, పిడులకు రబ్బరు తొడుగున్న పటకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను ఊడదీయాలి. తీగను గాలిలో వేలాడనీయక ఇంజను లోహానికి ఆనించాలి. లేకుంటే కాయిలు దెబ్బ తింటుంది. ఆ తీగలో వేలాది వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుందని గుర్తుంచుకొనాలి. తీగ తీసిన సిలిండరులో మంట ఆగుతుంది కనుక కనెక్టింగ్ రాడ్డు మీద భారం తగ్గుతుంది. చప్పుడు బిగ్ ఎండ్‌దైతే అప్పుడది తగ్గడమో, మారడమో జరుగుతుంది. టాపెట్ చప్పుడు ఏమీ మారదు. క్యామ్‌షాఫ్టుకు మంటతో పని లేదు కదా! ఒక తీగ తీసినప్పుడు మారక, పక్కపక్కనున్న రెండు తీగలు కలిపి తీసినప్పుడు మాత్రమే తగ్గితే, ఆ రెంటి మధ్యనున్న మెయిన్ బేరింగును అనుమానించాలి.

ఉదాహరణకు ఒక అంబాసిడర్ కారు రాంచీ నుంచి టకటకమంటూ వచ్చిందనుకొందాము. టాపెట్లని నిర్ణయించి సందులు సరిచేసి పంపుతారు. చప్పుడు కొంత తగ్గినట్లు తోస్తుంది. నిజంగా కొన్ని టాపెట్లు వదులుగానే ఉండి ఉండవచ్చు. మూడవ సిలిండరు ప్లగ్గు తీగను ఒక్కసారి తీసి చూసి ఉంటే లోపలి దెబ్బ బయటపడేది. ఆ దశలో చమురు తొట్టి విప్పి, కొత్త బేరింగు షెల్లులు వేస్తే పని ముగిసేది. అలా చేయక మరికొన్ని పదుల మైళ్లు నడిపితే షాఫ్టు గీతలు పడి, దానిని అరగదీయించవలసి వస్తుంది. ఇంకా నడిపితే రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకొని బయటికి వస్తుంది. వెల పరంగా చూసినా మొదటి తప్పుకూ చివరి తప్పుకూ పోలిక లేదు.

చల్లని ఇంజనులో మందంగా వినిపించి, వేడెక్కగానే సద్దుమణిగే చప్పుడు పిస్టన్‌ది. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించి సిలిండరును నింపుతుంది. కొద్దిపాటిగా ఉంటే దానితో కారు ఎన్నో ఏళ్లు నడుస్తుంది. ఇంజను నిలకడగా నడుస్తున్నప్పుడు జంటదెబ్బలుగా, పదునుగా వినిపించేది పిస్టన్ పిన్నుది. ఇంజను ముందరి భాగంలో గలగలలాడితే టైమింగు గొలుసు సాగినదని భావించవచ్చు.

కార్బురేటరు ఊపిరి

కార్బురేటరు పనిచేసే సూత్రం పద్దెనిమిదవ శతాబ్దపు ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంటూరి పేరుతో ప్రసిద్ధమైనది. సన్నని మార్గంలో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన ఒత్తిడి పెట్రోలును పైకి పీల్చి తుంపరగా చేస్తుంది. ఫియట్‌లో ఉండే సోలెక్స్ రకంలో గాలి మార్గం స్థిరం, జెట్లు స్థిరం. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంటి బ్రిటిషు కార్లకు అమర్చిన ఎస్.యు. రకం వేరు. పాదరక్షల వ్యాపార కుటుంబానికి చెందిన స్కిన్నర్ సోదరులు 1900 తరువాతి సంవత్సరాలలో రూపొందించిన ఆ రకంలో గాలి రద్దీని బట్టి ఒక పిస్టన్ పైకి లేచి, దానితో పాటు సూది జెట్టులో కదులుతుంది. ఇంజను ఆపి ఆ పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే అది దిగి ‘ఠక్’ మని లోహపు శబ్దం చేయాలి. శబ్దం రాకపోతే జెట్టు మధ్యకు లేదన్నమాట. ఇంజను నడుస్తుండగా అదే పిస్టన్‌ను మిల్లీమీటరు కంటె తక్కువ ఎత్తు లేపి చూడాలి. వేగం పెరిగి నిలిస్తే పెట్రోలు ఎక్కువగా అందుతున్నది. ఇంజను కుంటి ఆగబోతే తక్కువగా అందుతున్నది. క్షణకాలం స్వల్పంగా పెరిగి యథాస్థితికి వస్తే మిశ్రమం సరిగా ఉన్నది. ఎం.జి., జాగ్వార్ వంటి కార్లలో రెండేసి కార్బురేటర్లు ఉంటాయి. రబ్బరు గొట్టం ఒక కొనను చెవి దగ్గర, మరొక కొనను ఒక్కొక్క కార్బురేటరు నోటి దగ్గర ఉంచి, రెండింటి బుసను సమానం చేసేవరకు మరలు తిప్పడం పాత పద్ధతి. ఖరీదైన పరికరాలు వచ్చిన తరువాత కూడ దీనిని విడువని వారున్నారు.

కార్బురేటరు నోటి నుంచి ‘ఫట్’ మని వెనుకకు కక్కితే మిశ్రమం పలుచబడిందని, లేదా లోపలికి గాలి తీసుకొనే వాల్వు మూసుకొనడం లేదని, లేదా టైమింగు తప్పిందని అర్థం. సైలెన్సరులో పేలితే, మండని మిశ్రమం అక్కడికి చేరి అంటుకొంటున్నది. యాక్సిలరేటరు వదలినప్పుడు మాత్రమే సైలెన్సరు పటపటమంటే పైపు అతుకులో గాలి దూరుతున్నదేమో చూడాలి. ఎగ్జాస్టు అతుకు దగ్గర చల్లని ఇంజనులో వినిపించే ‘చుఫ్ చుఫ్’ టాపెట్ శబ్దాన్నే పోలి ఉంటుంది. మూసిన షెడ్డులో అది ప్రాణాంతకం. వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడు అక్కడి నుంచే వెలువడుతుంది. కనుక ఏ చప్పుడు వినదలచినా తలుపులు బార్లా తెరచి ఉంచాలి.

2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విక్రయం మొదలై 2025 నాటికి దేశమంతా విస్తరించింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. సాదా పెట్రోలుకు అమర్చిన జెట్టు మారదు కనుక ఇంజనుకు అందే మిశ్రమం పలుచబడుతుంది. పాత కారు ఒకప్పుడు లేని విధంగా కార్బురేటరులో కక్కడం మొదలుపెడితే, టైమింగు ముట్టకముందు ఈ కారణాన్ని తలచుకొనాలి. ఇథనాల్‌కు తట్టుకొనలేని పాత రబ్బరు గొట్టాలను కూడ మార్చాలి. పగిలిన గొట్టం నుంచి కారే పెట్రోలు చప్పుడు చేయదు.

తైమారా ఎత్తుమీద

టాటానగర్ నుంచి రాంచీకి వెళ్లే దారిలో బుండు దాటిన తరువాత తైమారా ఘాటీ ఎదురవుతుంది. అక్కడ పై గేరులో కారును ఎత్తు ఎక్కిస్తూ యాక్సిలరేటరును పూర్తిగా తొక్కితే, కొన్ని కార్లలో గాజు గోళీలు రాలినట్లు సన్నని గలగల వినిపిస్తుంది. ప్లగ్గు రాజేసిన మంట వ్యాపించకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలడం వల్ల కలిగే శబ్దమది. బ్రిటనులో హ్యారీ రికార్డో దీనిని పరిశోధించాడు. 1921లో అమెరికాలో మిడ్గ్లీ దీనిని అణచడానికి సీసపు సమ్మేళనాన్ని కనుగొన్నాడు. వర్కుషాపులలో దీనినీ, బేరింగు దెబ్బనూ కూడ ‘నాకింగ్’ అనే ఒక్క మాటతోనే పిలవడం వల్ల కలిగే అనర్థం ఇంత అంత కాదు. ఇది మంట జబ్బు. టైమింగును కొంచెం వెనుకకు తిప్పితే, దహనగదిలో పేరుకొన్న బొగ్గును గీకివేస్తే తగ్గుతుంది. అది లోహపు జబ్బు. టైమింగుతో తగ్గేది కాదు. ఎత్తు మీద మాత్రమే వచ్చి, పాదం తేలిక చేయగానే ఆగేది మంట చప్పుడని గుర్తు.

మాటల సంగతి వచ్చింది కనుక ఒక విశేషం చెప్పుకొనవచ్చు. తెలుగు మెకానిక్కు టకటక అన్నదానిని హిందీ మెకానిక్కు ఖట్‌ఖట్ అంటాడు, బెంగాలీ మెకానిక్కు ఠక్‌ఠక్ అంటాడు. ఒకే షెడ్డులో పనిచేసేవారికి తక్కిన మాటలన్నిటికీ అనువాదం కావలసి వచ్చినా, ఈ మాటలకు అవసరం కలుగదు.

వినరాని శబ్దం

ఉక్కునగరంలో ఈ విద్యకు శత్రువు కూడ శబ్దమే. సుత్తిమోతల మధ్య, రోలింగు మిల్లు పక్కన ఏళ్ల తరబడి పనిచేసినవారి చెవి అన్ని శబ్దాలకూ ఒకేసారి మందగించదు. క్షణానికి 4000 కంపనాల ప్రాంతంలోని సన్నని శబ్దాలు మొదట పోతాయి. బరువైన శబ్దాలు చాలా కాలం మిగిలి ఉంటాయి. మాట వినపడుతుంది కనుక తన చెవి బాగానే ఉన్నదని అతడు అనుకొంటాడు. అటువంటి చెవి బిగ్ ఎండ్ దెబ్బను పట్టుకొంటుంది కాని, గాలి లీకు బుసను, టాపెట్ పలుకులోని పదునును పోగొట్టుకొంటుంది. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్లను మించిన శబ్దం చెవికి చేటు అని నిపుణులు సూచిస్తున్నారు. మరమ్మతు నేర్చుకొనే విద్యార్థి గ్రైండరు దగ్గర నిలబడేటప్పుడు చెవులకు బిరడాలు పెట్టుకొనవలసినది అందుకే. చెవి పోతే తిరిగి రాదు, బేరింగులా మార్చడానికి అంగడిలో దొరకదు.

సన్నని బుస వినపడని వారికి వేరొక పద్ధతి ఉన్నది. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా కార్బురేటరు, మానిఫోల్డు కలిసే గ్యాస్కెట్టు చుట్టూ సబ్బునీటిని కుంచెతో కొద్దికొద్దిగా రాయాలి. లీకు ఉన్న చోట నీరు సందును మూయగానే ఇంజను నడక ఒక్క క్షణం మారుతుంది. ఈ మార్పును చెవి గ్రహించలేకపోయినా, బానెటు మీద ఆనించిన అరచేయి గ్రహిస్తుంది. దీనికి పెట్రోలు వాడరాదు. కింద వేడి ఎగ్జాస్టు గొట్టం ఉంటుంది. గుర్తించిన చోట బోల్టులను అటు ఒకటి, ఇటు ఒకటిగా సమానంగా బిగించి, మళ్లీ సబ్బునీటితో పరీక్షించి, అప్పటికీ నడక మారుతూ ఉంటే గ్యాస్కెట్టును మార్చాలి.